దిగడానికి బస్సు లేని కొండ

సియాటిల్ నుంచి ఐ-90 మీద తూర్పుగా ముప్పై మైళ్ళు పోతే నార్త్ బెండ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరి నెత్తిమీద నిటారుగా నిలబడి ఉన్న కొండే మౌంట్ సై. పూర్వం దాని పాదాన కాపురమున్న జోసయా మెరిట్‌ను అందరూ 'అంకుల్ సై' అనేవారట. కొండకు ఆ పేరే స్థిరపడింది. ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు స్నోక్వాల్మీ జలపాతం చూపించి వెనక్కు తిరిగే మనవాళ్ళకు ఈ కొండ కారు అద్దంలోంచి మాత్రమే పరిచయం.

దీన్ని ఎక్కడానికి నాలుగు మైళ్ళ దారి. ఆ నాలుగు మైళ్ళలో 3,150 అడుగుల ఎత్తు ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు కదా, ఎత్తు లెక్కన చూస్తే సై అంతకంటే ఎక్కువే. అక్కడ మెట్లున్నాయి, తలపైన కప్పుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు మొరాయిస్తే గోవిందనామం ఉంది. ఇక్కడ చెట్ల వేళ్ళు, రాళ్ళు, వాన.

"డాక్టరుగారూ, నేను రోజూ గ్రీన్ లేక్ చుట్టూ నడుస్తూనే ఉన్నానుగా" అంటారు మిత్రులు. చాలా మంచిదే, మానవద్దు. కాని అది 2.8 మైళ్ళ చదును నేల. కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే గుండె నిద్ర లేవదు. ఏటవాలుమీద పరుగెత్తకుండానే, కీళ్ళకు దెబ్బ తగలకుండానే, పది నిమిషాల్లో గుండెకు నిజమైన పని తగులుతుంది. అందుకే నేను కొండను మైళ్ళతో ఎంచను. మైలుకు ఎన్ని అడుగుల ఎక్కుడో చూస్తాను. సైకి దాదాపు ఎనిమిది వందలు వస్తుంది. రేనియర్ శిఖరానికి తయారయ్యేవాళ్ళు బరువైన సంచీలతో ఇక్కడే సాధన చేస్తారు.

చదును నేల దాచిపెట్టేదాన్ని కొండ బయటపెడుతుంది. రెండేళ్ళ క్రిందట మా జట్టులో ఒక మిత్రుడు వచ్చారు. నలభై రెండేళ్ళు, సన్నని మనిషి, సిగరెట్టు ముట్టరు. సగం దారిలో స్నాగ్ ఫ్లాట్ అనే చోట, పాత కార్చిచ్చుకు కాలి కూడా నిలబడ్డ పెద్ద డగ్లస్ ఫర్ చెట్ల మధ్య, ఆగి రొమ్ము రుద్దుకున్నారు. "గ్యాస్ అండీ, పొద్దున ఉప్మా తిన్నాను" అన్నారు. నిలబడితే తగ్గుతోంది, పది అడుగులు వేస్తే మళ్ళీ వస్తోంది. ఆ మాట విన్నాక ఉప్మామీద నేరం మోపడానికి నాకు మనసొప్పలేదు. అక్కడినుంచే నెమ్మదిగా దింపి తిన్నగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఒక ప్రధాన ధమని బాగా మూసుకుపోయి ఉంది, స్టెంటు వేశారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. మన దేశంవాళ్ళకు గుండెజబ్బు, మధుమేహం ఇతరులకంటే చిన్న వయసులో, సన్నగా ఉన్నా కూడా వస్తాయి. నలభై దాటినవారు, షుగరు, బి.పి. ఉన్నవారు, తండ్రికో అన్నకో చిన్నతనంలో గుండెపోటు వచ్చినవారు ముందు తమ డాక్టరుతో మాట్లాడి తర్వాతే బూట్లు కొనాలి. ఇన్సులిన్ తీసుకునేవారి జేబులో గ్లూకోజు బిళ్ళలు ఉండి తీరాలి.

ఇక దిగడం. తిరుమలనుంచి బస్సులో దిగిపోవచ్చు. ఇక్కడ ఎక్కినదంతా కాళ్ళతోనే దిగాలి, తొడ కండరాల అసలు పరీక్ష అదే. సాగుతూ బరువును ఆపడం వాటికి కష్టమైన పని. ఆ నొప్పి మరునాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది. సోమవారం ఆఫీసు మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకున్నవాళ్ళను చూసి నవ్వకండి. ఆ నొప్పి వృథా పోదు కూడా. ఆస్ట్రియాలో కొందరిని కొండ ఎక్కించి కేబుల్ కారులో దింపారు, తర్వాత కేబుల్ కారులో ఎక్కించి నడిపించి దింపారు. రక్తంలో చక్కెరను సర్దుకునే శక్తి దిగడంలోనే మెరుగుపడింది. చిన్న అడుగులు, కొద్దిగా వంచిన మోకాళ్ళు, చేతిలో రెండు కర్రలు ఉంటే చాలు.

కొత్తవారు తిన్నగా సైకి రావద్దు. ముందు పక్కనే ఉన్న లిటిల్ సై, సుమారు 1,300 అడుగులు. అది మాట్లాడుతూ ఎక్కగలిగితే సై. ఆ తర్వాత మెయిల్‌బాక్స్ పీక్. దాని పాత దారి రెండున్నర మైళ్ళలో నాలుగువేల అడుగులు ఎక్కిస్తుంది, మర్యాద తెలియని దారి. 2014లో తెరిచిన కొత్త దారి పొడవైనా మనుషులదే. పైన నిజంగానే ఒక ఉత్తరాల పెట్టె ఉంటుంది.

సై శిఖరాన హేస్టాక్ అనే రాతి కొమ్ముంది. చేతులతో పట్టుకుని పాకాలి; తడిగా ఉంటే దాని జోలికి పోకండి, పిల్లలతో అసలే వద్దు. కింద బండలమీద కూర్చుంటే చాలు, ఆకాశం తేటగా ఉన్న రోజున రేనియర్ కనిపిస్తుంది. పులిహోర పొట్లం విప్పగానే బూడిదరంగు జే పిట్టలు చేతిమీదికే వస్తాయి, పెట్టకండి. శనివారం పొద్దెక్కాక వస్తే కారు పెట్టడానికి చోటు దొరకదు, డిస్కవర్ పాస్ మరవకండి. శీతకాలంలో పైభాగం మంచు గడ్డకడుతుంది, బూట్లకు ఇనుప ముళ్ళు కావాలి.

స్టెంటు మిత్రుడు కిందటి సెప్టెంబరులో తన కార్డియాలజిస్టు సరేనన్నాక మళ్ళీ వచ్చారు. మూడు గంటల ఇరవై నిమిషాల్లో పైకి చేరారు. సంచీ మాత్రం వాళ్ళావిడ మోసింది.