రాజు ఒక్కమాట అడగలేదు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబాలలో మాదీ ఒకటి. ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ, పనిచోట హిందీ. వీటి నడుమ మన పిల్లలకు మన సాహిత్యం దూరమవుతున్నదని తలచి, మేము దంపతులమిద్దరము ఇందాలోని మా ఇంట ప్రతి ఆదివారం హైస్కూలు పై తరగతుల పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పేవారము. ఒక ఏడు ‘విషాద సారంగధర’ను ఎంచుకున్నాము.

బళ్ళారిలో న్యాయవాదిగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) రచించిన ఈ నాటకం తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధి పొందినది. ఎగిరిపోయిన పావురం కోసం సారంగధరుడు సవతితల్లి చిత్రాంగి మందిరానికి వెళతాడు. ఆమె మోహాన్ని తిరస్కరిస్తాడు. ఆమె మోపిన నిందను నమ్మి తండ్రి రాజరాజ నరేంద్రుడు కుమారుని కాలుసేతులు ఖండించమని ఆజ్ఞాపిస్తాడు. జానపద కథలో సిద్ధుడొకడు వచ్చి ఆ అవయవాలను తిరిగి మొలిపిస్తాడు. ఆచార్యులవారు ఆ ఊరట ఇవ్వక, విషాదంతోనే ముగించారు. క్రీ.పూ. 428లో గ్రీకు కవి యూరిపిడీసు ప్రదర్శించిన ‘హిప్పొలిటస్’లోనూ ఇట్టి నిందయే, తండ్రి తొందరపాటే, కుమారుని మరణమే.

పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు ఈ కథ చెప్పవచ్చునా అని మొదట జంకాము. వారు చిత్రాంగిని గురించి ఇబ్బందికరమైన ప్రశ్నలు వేస్తారనుకున్నాము. అటువంటిదేమీ జరగలేదు. ఒక అమ్మాయి మాత్రం లేచి, “మాస్టారూ, రాజుగారు కొడుకుని ఒక్కమాట అడగొచ్చు కదండీ?” అన్నది.

మాకు నోట మాట రాలేదు. అంతకు రెండు వారాల ముందు, పుస్తకాల కోసం పోగుచేసిన సొమ్ములో నూరు రూపాయలు తగ్గినవి. పెట్టె వద్ద కనిపించిన ఒక కుర్రవాణ్ణి ఏమీ అడగకుండానే, “ఇకమీదట రావద్దు” అని పంపివేశాము. నాలుగు రోజులకు ఆ నోటు మా లెక్కల పుస్తకం అట్టలోనే దొరికింది. తప్పు మాదని తెలిసినా పెద్దరికం అడ్డువచ్చి వారింటికి వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే వెళ్ళాము. తండ్రి నైట్ డ్యూటీకి బయలుదేరుతున్నారు. ఆయన ఎదుటనే, “బాబూ, పొరపాటు మాది” అన్నాము. కుర్రవాడు తల వంచుకుని, “అడిగితే చెప్పేవాణ్ణండి. చాక్‌పీసు కోసం పెట్టె తీశాను” అన్నాడు.

మరుసటి ఆదివారం వచ్చాడు. కాని ఎప్పటివలె ముందు వరుసలో కూర్చోలేదు; గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఆ ఏడాది చివరి వరకు అక్కడే కూర్చున్నాడు.

ఆచార్యులవారు సిద్ధుణ్ణి ఎందుకు రప్పించలేదో ఆనాడు మాకు బోధపడినది. న్యాయస్థానంలో వాదించిన ఆ మహనీయునికి, విచారణ లేని తీర్పు చేసే గాయం ఎంతటిదో తెలియకుండునా? పిల్లలకు మేము నాటకం చెప్పాము. పాఠం మాత్రం మేమే నేర్చుకున్నాము. ఇంటనైనా, పనిచోటనైనా, ఎదుటివారిని నిందించే ముందు ఒక్కమాట అడుగుదాము.