ప్యాషన్ సరే, అది ఎటు పోతోంది?

నాకు కీబోర్డు అంటే పిచ్చి. ఆదివారం ఆరాధన పది గంటలకైతే ఎనిమిదిన్నరకే చర్చిలో ఉంటాను. కేబుళ్లు సర్దడం, మైకులు చెక్ చేయడం, కొత్త పాటకి కార్డ్స్ వెతుక్కోవడం... ఇందులో ఉన్న కిక్ నాకు ఇంకెక్కడా దొరకదు. మన చర్చిల్లో ఇలాంటివాళ్లం చాలామందిమే. ఒకరికి రీల్స్ ఎడిటింగ్, ఒకరికి స్కిట్లు, ఇంకొకరికి బైబిల్ క్విజ్. డిసెంబరు వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌ల హడావిడిలో నిద్ర కూడా గుర్తురాదు.

ఇదంతా దేవుడి కోసమే అంటాం. మరి దేవుడికి అన్నిటికన్నా ఏది ముఖ్యం? ఈ ప్రశ్న యేసునే అడిగారు. మత్తయి సువార్త 22వ అధ్యాయంలో ఉంది. ఆయన రెండే చెప్పాడు: దేవుణ్ణి ప్రేమించడం, పక్కవాళ్లని ప్రేమించడం. ఆమోసు ప్రవక్త గ్రంథం 5వ అధ్యాయం ఇంకా ఘాటు. న్యాయం లేనిచోట మీ పాటలూ వాయిద్యాలూ నాకొద్దు అంటాడు దేవుడు. కీబోర్డు వాయించేవాడిగా నాకు అది గట్టిగానే గుచ్చుకుంది.

అంటే ఇష్టాలన్నీ వదిలేయాలా? ఇక్కడ నాకు ఒంగోలు కథ గుర్తొస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికొచ్చాడు. అంతకుముందు ఆయన తన దేశంలో భూముల సర్వే పని చేశాడు. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ దొరికేలా చూశాడు. పాత సర్వే పని అప్పుడు అక్కరకొచ్చింది. ఇంకో సంగతి. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఒక మిషనరీకి అంతకన్నా ఇష్టమైన పని ఏముంటుంది? దాన్నే పక్కన పెట్టి, ముందు అన్నం సంగతి చూశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మా సంఘంలో ఒక మామ్మగారు మోకాళ్ల నొప్పులతో చర్చికి రావడం మానేశారు. పోయిన డిసెంబర్లో మా యూత్ వాళ్లం కీబోర్డు పట్టుకుని ఆవిడ ఇంటికెళ్లాం. రెండు పాటలు విని, "చాలా బాగా పాడారు నాయనా. నన్ను బ్యాంకు దాకా ఎవరైనా తీసుకెళ్తారా? కేవైసీ అవ్వలేదని డబ్బులివ్వట్లేదు" అన్నారు. నాకు వీలైన రోజు ఒక్కటే. ఆ సాయంత్రమే మా ప్రోగ్రాం, పొద్దున్నుంచి ప్రాక్టీసు.

నేను ఆటో పిలిచాను. లైన్లో రెండు గంటలు నిలబడ్డాం, పని అయింది. సాయంత్రం స్టేజి మీద నా బదులు వేరే అబ్బాయి వాయించాడు. బాధ లేదంటే అబద్ధం.

కీబోర్డు మానలేదు, మానను కూడా. ఇప్పుడు శనివారాలు పక్క హాస్టల్ పిల్లలకి నేర్పిస్తున్నాను. ఎడిటింగ్ వచ్చిన మా ఫ్రెండు వాళ్లకి స్కాలర్‌షిప్ ఫారాలు ఆన్‌లైన్లో నింపిపెడుతున్నాడు.

మీకూ ఏదో ఒక పిచ్చి ఉండే ఉంటుంది. దానివల్ల ఈ నెలలో మేలు పొందిన మనిషి పేరు ఒక్కటి చెప్పగలరా? తడుముకోవాల్సి వస్తే, మీ వీధిలోనే ఒక మామ్మగారు ఉంటారు. వెళ్లి ఏం కావాలో అడగండి.