గండికోట దారిలో ఆగిన బండి

ఊళ్లో తిప్పినన్నాళ్లూ బంగారం. దూరం బయల్దేరితేనే మొరాయింపు! మా నాన్న 1986లో కొన్న 350 సీసీ మోటారుసైకిలుకు ఏడాదిగా ఇదే జబ్బు. పదిహేను ఇరవై కిలోమీటర్లు ఏకబిగిన పోయాక రెండు మూడు కుదుపులిచ్చి ఆగిపోతుంది. పది నిమిషాలు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకెళితే బుద్ధిగా నడుస్తుంది. ప్లగ్గు మార్చాం, కాయిల్ మార్చాం, కార్బురేటర్ రెండుసార్లు కడిగించాం. డబ్బు పోయిందిగానీ జబ్బు పోలేదు.

"ఇక అమ్మేద్దాం నాన్నా" అన్నాను. సోమవారం వచ్చి చూస్తానని ఒకాయన ఫోన్ కూడా చేశాడు. నాన్న కాసేపు మాట్లాడలేదు. "సరే... అమ్మే ముందు ఒకసారి గండికోటకు పోయొద్దాం" అన్నాడు. పెళ్లైన కొత్తలో అమ్మను ఆ బండి మీదే అక్కడికి తీసుకెళ్లాడట. కాదనలేకపోయాను.

డిసెంబరు ఆదివారం, పొద్దున్నే కడపలో బయల్దేరాం. కమలాపురం దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఎర్రగుంట్ల దగ్గరపడుతుండగా, సిమెంటు లారీలూ నాపరాళ్ల లారీలూ వరసకట్టిన రోడ్డులో బండి దగ్గింది. వెనకాల లారీ హారన్. ఎలాగో రోడ్డు దిగి మట్టిలో ఆపాను. గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. నన్ను బాధపెట్టింది రిపేరు ఖర్చు కాదు. వెనక పెద్దాయన కూర్చుని ఉండగా ఇలా ఆగితే ఏమవుతుందోనన్న భయమే అమ్మకం దాకా తెచ్చింది. అలవాటు ప్రకారం ట్యాంకు మూత తీసి పెట్రోలు చూశాం, ఉంది. కాసేపటికి స్టార్టయింది.

నడిచే బండికి మందేంది?

జమ్మలమడుగులో ఓ చిన్న షెడ్డు ముందు ఆపాం. మెకానిక్కు అంతా విని, స్పానర్ పట్టుకోకుండా ఒకే ప్రశ్న వేశాడు.

"ఆగిపోతానే ఫస్టు ఏం చేస్తాండారు సార్?"

"మూత తీసి పెట్రోలు చూస్తాం."

"ఆడనే ఉండాదేమో చూడండి. నడిచే బండికి నేనేం మందు ఏసేది? ఈసారి ఆగితే మూత ముట్టగాకండి."

తర్వాత వివరంగా చెప్పాడు. కరెంటు పోతే బండి స్విచ్చి ఆపినట్టు ఠక్కున ఆగుతుందట. పెట్రోలు అందకపోతే ముందు కుదుపులిచ్చి, తర్వాత ఆగుతుందట. అన్నిసార్లూ కాకపోయినా చాలాసార్లు ఇదే గుర్తు. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే దాని చోటులోకి పైనుంచి గాలి రావాలి. అందుకోసం మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అది పూడుకుపోతే లోపల గాలి పలచబడి పెట్రోలును దిగనివ్వదు. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు సందుల్లోంచి దూరే కొద్దిపాటి గాలి సరిపోతుంది. రోడ్డెక్కి వేగం పెంచితే చాలదు. "ట్యాంకు నిండా పోయించుకోని పోండి. లోపల గాలికి చోటు తక్కువైతే రోగం బిరీన బయటపడతాది" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు!

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఫుల్ ట్యాంకుతో బయల్దేరాం. బండి ఆగాలని కోరుకుంటూ ప్రయాణం చేయడం అదే మొదలు. కోట ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా కుదుపు... మళ్లీ కుదుపు... ఆగింది. నాన్న చేయి మూత మీదికి పోబోయి ఆగింది.

కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి నీళ్లసీసాలో పెట్టాను. కుళాయి తిప్పితే ధారగా రావాల్సిన పెట్రోలు చుక్కలు చుక్కలుగా పడుతోంది. "ఇప్పుడు తియ్యి నాన్నా" అన్నాను. మూత తిరిగింది. 'స్స్...' మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. సీసాలో ధార! ఏడాదిగా మేము బండి ఆగిన ప్రతిసారీ ముందు మూత తీసి, తెలియకుండానే జబ్బు నయం చేసి, తర్వాత జబ్బు కోసం వెతుకుతున్నామన్నమాట.

మూత బోర్లించి చూస్తే గుండుసూది పట్టేంత రంధ్రంలో తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. ప్రతి ఆదివారం నాన్న పడుతున్న పాలిష్, దాంట్లో దుమ్ము! ఆయన ముఖం చిన్నబోయింది. "ముద్దు ఎక్కువైందిరా" అని తనే నవ్వేశాడు. కండువాకు పెట్టుకున్న పిన్నీసుతో తీసేశాం.

పెన్న చెక్కిన లోయ

కోటలోకి బండి పరుగులాంటి నడకతో చేరింది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ నడిచి రంగనాథస్వామి గుడి దాటితే ఒక్కసారిగా నేల ఆగిపోతుంది. ఎర్రమల కొండల్ని రెండుగా చీల్చిన పెన్నానది వందల అడుగుల లోతున కనిపిస్తుంది. రెండువైపులా రాళ్లు పలకలు పేర్చినట్టు. గండి పక్కన కోట కాబట్టే గండికోట.

పెమ్మసాని నాయకులు ఏలిన ఈ దుర్గాన్ని 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, కోటలో ఫిరంగులు పోత పోయించే పని పెట్టుకున్నారనీ, అది సరిగ్గా సాగలేదనీ రాశాడు. ఆ మాట చెబితే నాన్న, "అప్పుడూ ఆ జమ్మలమడుగాయన ఉండుంటే బాగుండేది" అన్నాడు.

లోయ అంచున అమ్మ కూర్చున్న బండ ఏదో చూపించాలని చాలాసేపు వెతికాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. చివరికి ఒకదాని మీద కూర్చుని, "ఇదే అనుకుందాం" అన్నాడు.

పొద్దు గూకే ముందే కడపకు చేరాం. దారిలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. సోమవారం రావాల్సినాయనకు ఆ రాత్రే ఫోన్ చేసి వద్దన్నాను. ఆదివారం పాలిష్ ఇప్పటికీ పడుతోంది. కాకపోతే పాలిష్ డబ్బా పక్కన ఓ గుండుసూది కూడా ఉంటోంది.

ఎలా వెళ్లాలి?: కడప నుంచి ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు. చలికాలం అనుకూలం. నీళ్లు వెంట ఉంచుకోవాలి. లోయ అంచున పిల్లల చేయి వదలొద్దు. పాత బండి మీద వెళ్తుంటే ట్యాంకు మూత రంధ్రం ఒకసారి చూసుకోండి. పెట్రోలు పైపు విప్పాల్సి వస్తే దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా, సీసా పట్టుకునే విప్పండి.