పరదేశి మనసు ఎరిగినవారం



2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 500 ఎకరాలకు పైగా నేలలో ఫ్యాక్టరీ లేచింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. మొదట ఏడాదికి 3 లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన ఫ్యాక్టరీ అది. దాని వెంట విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. వాన కోసం ఆకాశం వైపు చూస్తూ వేరుశనగ విత్తిన ప్రాంతంలో ఇప్పుడు షిఫ్టు బస్సులు తిరుగుతున్నాయి. విజయనగర రాజులు ఏలిన పెనుకొండ చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులు, కొరియా హోటళ్లు కనిపిస్తున్నాయి. వేరే రాష్ట్రాల పిల్లలు గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు.

దీన్ని చూసి మనలో కొందరికి సంతోషం, కొందరికి భయం. రెండింటికీ కారణముంది. డిగ్రీ చదివిన మన పిల్లలకు దగ్గర్లోనే పని దొరికింది. భూమి ఉన్నవారి చేతికి డబ్బు వచ్చింది. అదే భూమిలో కూలి చేసుకుని బతికిన విధవరాలి చేతికి ఏమి వచ్చింది? సొంత ఇల్లు లేనివారికి పెరిగే అద్దె ఎంత బరువు? సంఘంగా మనం ముందు తట్టవలసిన తలుపులు వీరివే.

మరొక మాట. ఈ కరువు నేల నుండి ఎన్నో ఏళ్లుగా మూటా ముల్లె సర్దుకుని బెంగళూరుకు, కేరళకు పోయింది మనవాళ్లే. భాష రాని ఊళ్లో అద్దె ఇల్లు అడగడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఐగుప్తులో పరదేశులుగా ఉన్నవారికి పరదేశి మనసు తెలుసని నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు గుర్తుచేశాడు. ఆ మాట ఇప్పుడు మన వీధికి వచ్చింది.

కాబట్టి గది అద్దెకిచ్చేవారు ఎక్కడినుంచో వచ్చిన పిల్లవాడి దగ్గర న్యాయమైన అద్దె తీసుకోండి. జ్వరమొస్తే ఒక గ్లాసు గంజి ఇవ్వండి. ఆదివారం షిఫ్టు పడిన తమ్ముణ్ణి భక్తి తగ్గినవాడని అనకండి. అతనికి వీలైన వేళ ఇద్దరు ముగ్గురు కూడి ప్రార్థించండి. ప్రభువు అక్కడా ఉంటాడు.

కంపెనీ మన దేవుడు కాదు, మన శత్రువూ కాదు. రేపు అది పెరిగినా తగ్గినా మన నిరీక్షణ ప్రభువులోనే. ఈ వారం మన వీధిలోకి కొత్తగా వచ్చిన ఒక్కరి పేరు తెలుసుకుని, ఆ పేరు ఎత్తి ప్రార్థిద్దాం.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.