పైన ఆటోలు, కింద గూడ్సు

కొవ్వూరు నుంచి రాజమండ్రికి మన రోడ్ కం రైలు వంతెన మీద బండి నడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు. జాయింటు వచ్చిన ప్రతిచోటా ముందు ఆటో బ్రేకేస్తుంది, వెనకాల హారన్ల మోత. అదే టైముకి కింద గూడ్సు వెళ్తుంటే ఆ అదురు హ్యాండిల్ పట్టుకున్న చేతులకి తెలుస్తుంది.

1974లో కట్టింది. యాభై ఏళ్లు దాటింది. 2023లో మరమ్మతులకని నెల రోజులు మూసేస్తే జనం గామన్ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లారు. పెద్ద లారీలకు అటే దారి, బాగానే ఉంది. కానీ కొవ్వూరులో ఉండి రాజమండ్రిలో ఉద్యోగం చేసేవాళ్లకి, ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లకి ఆ చుట్టు రోజూ కుదిరే పనేనా?

మన ఊళ్లోనే చూశాం కదా, ఆర్చి వంతెన సిద్ధమయ్యాకే 1997లో హేవలాక్ వంతెనకి రిటైర్మెంట్ ఇచ్చారు. రైలుకి పెట్టిన ఆ ముందుచూపు రోడ్డుకీ పెట్టండి. తారు అతుకులు వేసింది చాలు, కొత్త వంతెనకి కొలతలు మొదలెట్టండి. కట్టడానికి ఎలాగూ ఏళ్లు పడుతుంది, ఆ లెక్కన ఇప్పటికే ఆలస్యం.