మా నాలుగున్నర, వాళ్ళ తొమ్మిది

స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరిన రెండో వారం. మధ్యాహ్నం నుంచి ఒక బగ్‌తో నేనూ, పక్క సీటు జర్మన్ ఆయనా కుస్తీ పడుతున్నాం. దాదాపు దొరికింది, ఇంకో అరగంట కూర్చుంటే తేలిపోయేది. అయిదు కొట్టగానే ఆయన పసుపు చీటీ మీద ఏదో గీకి, కీబోర్డుకు అంటించి, ల్యాప్‌టాప్ మూసేశాడు. "షోనెన్ ఫాయరాబెంట్" అంటూ సైకిల్ హెల్మెట్ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

నాకు నోట మాట రాలేదు. హైదరాబాదులో ఆరేళ్ళు చేసి వచ్చినవాణ్ణి. అక్కడ మేనేజరు లేచేదాకా మన బ్యాగు జిప్పు చప్పుడు కూడా వినపడకూడదు. పని మధ్యలో వదిలేసి పోవడమంటే అన్నం ముందు నుంచి లేచిపోవడం లాంటిదే నా లెక్కలో. అందుకని ఒక్కణ్ణే కూర్చున్నాను. ఏడున్నరకు, కళ్ళు మండుతుంటే, టెస్ట్ డేటాబేస్ అనుకుని అసలు డేటాబేస్ మీద స్క్రిప్టు నడిపేశాను. మర్నాడు పొద్దుటి పూటంతా ముగ్గురం కూర్చుని దాన్ని బాగుచేశాం. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఫాయరాబెంట్ అంటే ఆ రోజుకు పని దిగిపోవడం. మాటను విడగొడితే ఒక ముక్క వేడుక, రెండో ముక్క సాయంత్రం. సంక్రాంతికి మూడు రోజుల సెలవు కోసం మెయిలు మీద మెయిలు పెట్టిన బతుకు నాది. రోజూ సాయంత్రం వేడుకేమిటని కొంచెం ఒళ్ళు మండిన మాట నిజం. ఇది ఉత్త అలవాటు కాదు, వెనక 1994 నాటి పనివేళల చట్టం ఉంది. ఒక రోజు పని దిగాక మళ్ళీ ఎక్కేలోపు మామూలుగా 11 గంటలు ఎడతెగని విశ్రాంతి ఇవ్వాలి. ఈ ఊరి కంపెనీ డైమ్లర్ 2014 నాటికి ఇంకో అడుగు ముందుకు వేసింది. సెలవులో ఉన్న ఉద్యోగి కావాలనుకుంటే, ఆయనకు వచ్చే మెయిళ్ళు వాటంతటవే చెరిగిపోయేవి. పంపినవాళ్ళకు మాత్రం 'ఫలానావారిని అడగండి' అని జవాబు వెళ్ళేది.

నన్ను మార్చింది మాత్రం చట్టం కాదు, ఆ చీటీ. అందులో ఏముందా అని మర్నాడు తొంగిచూశాను. "214వ లైను నుంచి. తేదీ ఫార్మాట్ చూడాలి." అంతే. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో చేసి, 1927లో ప్రచురించిన ప్రయోగాల గురించి తర్వాతెప్పుడో చదివాను. పూర్తిచేసిన పనులకంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువ గుర్తుంటున్నాయని ఆమె గమనించింది. తర్వాత ప్రయత్నించిన వాళ్ళందరికీ అదే ఫలితం రాలేదనుకోండి. నా మటుకు నాకు, చీటీ రాయని రోజు ఎస్‌బాన్ రైల్లో కిటికీ అవతల ద్రాక్షతోటలు పోతున్నా కళ్ళ ముందు కోడే తిరుగుతుంది. రాసిన రోజు తోటలు కనిపిస్తాయి.

అక్కణ్ణుంచి నా రోజును కత్తిరించి కుట్టుకోవడం మొదలుపెట్టాను. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా నా బుర్ర పదునుగా ఉంటుందని తేలింది. అప్పుడు ఫోను సొరుగులో, చాట్ మూసేసి, కష్టమైన పని ఒక్కటే. పన్నెండింటికి నడవాలో ఎదురైన ప్రతివాడూ "మాల్‌ట్సైట్" అని పలకరిస్తుంటే భోజనం. ఆ తర్వాత ఎలాగూ పప్పన్నం తిన్న బుర్రే కాబట్టి మీటింగులన్నీ అటు తోసేశాను. హైదరాబాద్ టీముతో రోజూ ఉండే కాల్ అన్నిటికంటే చివర, నాలుగున్నరకు. అయిదుకు చీటీ, రైలు. ఉగాదికి తెలుగువాళ్ళం కలిసినప్పుడు, పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకుని ఈ పద్ధతి మీద నలుగురికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాతి మంగళవారం కాల్‌లో హైదరాబాద్ అమ్మాయి టెస్టింగ్ వివరాలు చెబుతోంది. వెనక కుక్కర్ విజిల్ వేసింది. ఆమె మ్యూట్ నొక్కేలోపే ఒక చిన్న గొంతు వినిపించింది. "అమ్మా, ఇంకా అవలేదా?" జర్మన్ వాళ్ళకు అర్థం కాలేదు, నాకయింది. తెర మూలన టైము చూశాను: నాలుగూ యాభై. నాలుగున్నర గంటలు కలిపితే అక్కడ తొమ్మిదీ ఇరవై. వేసవిలో ఎనిమిదికి ఉన్న కాల్ తొమ్మిదికి జరిగిందన్నమాట. ఇక్కడ గడియారం తిప్పితే అక్కడ అన్నం వేళ తప్పింది. ఈ టైము పెట్టింది నేనే. అది కూడా ప్రశాంతంగా పనిచేసుకోవడానికి.

ఆమెకు విడిగా ఫోన్ చేశాను. "మీకు ఈ టైము ఇబ్బందిగా ఉందా?" అంటే, "పర్లేదండీ, అలవాటే" అంది. ఆ "పర్లేదండీ" నేను ఆరేళ్ళపాటు అన్నదే. దాని అర్థం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాల్ మార్చాలంటే నా పొద్దుటి గంటల్లోంచే కోసివ్వాలి. మా సాయంత్రం జరిపే కొద్దీ వాళ్ళకు అర్ధరాత్రే మరి. వారం రోజులు తాత్సారం చేశాను, దాచేదేముంది. చివరికి వారానికి రెండు కాల్స్, పదింటికి, అంటే చలికాలం వాళ్ళకు రెండున్నర. మిగతా మూడు రోజులూ ఎవరికి వాళ్ళం నాలుగు లైన్లు రాసి పెడితే చాలన్నాం. మంగళ, గురువారాల్లో నా పని నత్తనడక నడుస్తుంది. పది అయ్యేసరికి తెగిన దారం పదకొండు దాటినా చేతికి దొరకదు. ఆ రెండు రోజులూ కష్టమైన పని పెట్టుకోవడం మానేశాను.

మార్చిలో మళ్ళీ గడియారం మారే వారం ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వచ్చే వారం నుంచి మీ పది మాకు ఒకటిన్నర అవుతుందండీ. అది మా లంచ్ టైము. పదిన్నర చేద్దామా?"

నా పొద్దుటి పూటకు ఇంకాస్త గండి. క్యాలెండర్ తెరిచి పదిన్నరకు జరిపాను.