మేడారం – మన పొరుగువారి ఊరు



మేడారం పేరు విననివారు తెలుగునాట అరుదు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో నాలుగు దినాలు లక్షలాది జనం అక్కడికి తరలివెళ్తారు. 1996లో ఆ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. జాతర ముగిసి జనం వెళ్ళిపోయాక అక్కడ మిగిలేవారి సంగతి మనలో చాలామందికి తెలియదు. వారిని గూర్చి ఈ నెల కొన్ని మాటలు వ్రాయదలచాము.

వరంగల్లు నుండి ములుగు, తాడ్వాయి మీదుగా అడవి దారిన సుమారు నూరు కిలోమీటర్లు వెళ్తే మేడారం వస్తుంది. ఒకనాడు వరంగల్ జిల్లాలోని ఈ ఊరు 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. చిన్న ఊరు. ఇక్కడి వారు కోయలు. వారి కోయభాష మన తెలుగుకు దూరపు చుట్టం, గోండీకి దగ్గరి చుట్టం.

వారి పెద్దలు చెప్పే చరిత్ర ఇది. కాకతీయుల కాలంలో కరువు వచ్చింది. తినడానికే లేదు, కప్పం కట్టలేమన్నారు. రాజు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, కుమార్తె సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో పడిపోయారు. కుమారుడు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు. నాటినుండి అది జంపన్న వాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మరల కనబడలేదట. వారి మ్రొక్కులలో మనకు పాలు లేకపోయినా, నాబోతు ద్రాక్షతోట కథ చదివిన మనకు, బలవంతుడైన రాజు ఎదుట నిలిచిన బీదల బాధ తెలియనిది కాదు.

ఈ చరిత్రను తరతరాలుగా కాపాడినది పాట. కోయల డోలీ గాయకులు పడిగె అనే గుడ్డపటం చూపుతూ వంశకథలు పాడతారు. అట్టి గాయకుడు, మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. పాడేవాడు పోయి, నేర్చుకునేవాడు లేకపోతే, ఒక జాతి జ్ఞాపకమే మట్టిలో కలిసిపోతుంది.

వారి కష్టాలు కూడా మన చెవిని పడాలి. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి, గోవిందరాజు ఊరైన కొండాయిని ముంచి ప్రాణాలు తీసింది. జాతర నాటి జనసముద్రం ఆనాడు అక్కడ లేదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలో మిషనరీ జాన్ కెయిన్ కోయల నడుమ ఏండ్ల తరబడి నివసించి, వారి భాషను, ఆచారాలను గూర్చి వ్రాశాడు. పరదేశి నేర్చుకున్న మాట పక్క మండలంలోని మనకు ఎందుకు రాదు? పెంతెకొస్తు దినాన ప్రతివాడును తన సొంత భాషలో దేవుని గొప్ప కార్యాలు విన్నాడు. సంతలో కోయ అక్క ఎదురైతే, ఇప్పపువ్వు ధర అడిగే ముందు, ఆమె క్షేమాన్ని ఆమె మాటలో అడగడం నేర్చుకుందాము. మన సంఘాలు అక్కడ మొదలుపెట్టవచ్చును.